ఇంటిలోనే మొజాయిక్ బిళ్లలు

తులసికోటకును, అరుగుగోడకును రంగుబిళ్లలు వేయఁగోరు రైతు వానికై అప్పు చేయనక్కఱలేదు. నడకవలన రాపిడిపడు గచ్చునకు మాత్రము ఇవి నిలువవు.

జల్లించిన చెఱువుమట్టి 5 పాళ్లకు కుండపెంకుల పొడి 1 పాలు కలిపి త్రొక్కవలెను; ఈ పొడి మట్టి ముడుచుకొనుటను తగ్గించును. 1/4 అంగుళము మందముగల రెండు వెదురుబద్దల నడుమ మట్టినుంచి, ఖాళీ గాజుసీసాను దొర్లించినచో పలక సమముగా వచ్చును. పాతడబ్బా రేకుముక్కతో దానిని అంగుళపు చదరములుగా కోసి, కొన్నింటికి జాజునీరు పూయవలెను.

పని చెడునది ఆరబెట్టుటలోనే. ఎండలో పైభాగము ముందుగా ఎండి అంచులు లేచును. కావున పాత వార్తాపత్రికల నడుమ, నీడను, పైన పలక బరువుంచి 10 దినములైనను ఓపికపట్టవలెను. లోపల తడి మిగిలినచో అది కుమ్మరి ఆవములో ఆవిరియై బిళ్లను పగులఁగొట్టును. ప్రక్కనున్న కుండలును చెడును. ఆ నష్టము మనమే ఇచ్చుకొనవలెను గదా! మెఱుఁగునకై పాతబ్యాటరీల సీసము ఎంతమాత్రము వాడరాదు. దాని పొగ విషము.

కాలిన బిళ్లలను రంగువైపు క్రిందుగా, గంజి పూసిన కాగితముపై అమర్చి ఆరనిచ్చి, కాగితముతోడనే తడి సిమెంటుగారపై ఒత్తవలెను. మఱునాఁడు కాగితమును తడిపినచో ఊడివచ్చును. పేరు వేయఁదలఁచినవారు అక్షరములను అద్దములో కనఁబడునట్లు త్రిప్పి అమర్చవలెను.