ఎరిక్ ఆంబ్లర్ – ఉత్కంఠ నవలా పరిణామము

నవలాప్రక్రియను గూర్చి పరిశోధించువారు సాంఘిక, చారిత్రక, మనస్తత్త్వ నవలలకు పెద్దపీట వేసి, ఉత్కంఠయే ప్రధానముగా గల నవలను గడప వెలుపలనే నిలిపివేయుట కద్దు. రైలు ప్రయాణములో చదివి పారవేయు పుస్తకమునకు శాస్త్రచర్చ యేల యని వారి భావము. ఇది సర్వత్ర సమంజసము కాదని మా యభిప్రాయము. ఒక ప్రక్రియకు లోకమున గౌరవము తక్కువైనను, అందు ఒక రచయిత మౌలికమైన మార్పును తెచ్చినచో, ఆ మార్పు స్వరూపమును తెలిసికొనుట సాహిత్యవిద్యార్థికి అవసరము. ఆంగ్లభాషలో అట్టి మార్పు తెచ్చినవాడు ఎరిక్ ఆంబ్లర్ (1909–1998). అతని జీవితమును, రచనలను పరిశీలించి, ఆ మార్పు ఎట్టిదో నిరూపించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. అపరాధ పరిశోధక నవలలో నేరము ముందే జరిగియుండును. పాఠకుని దృష్టి గతము వైపు సాగును. ఆంగ్లమున థ్రిల్లర్ అని పిలువబడు ఉత్కంఠ నవలలో ప్రమాదము రాబోవుచుండును. పాఠకుని దృష్టి భవిష్యత్తుపై నిలుచును. ఈ రెండవ శాఖకు ఇంగ్లండులో జాన్ బకన్ 1915లో ప్రకటించిన 'ది థర్టీనైన్ స్టెప్స్' ప్రసిద్ధమైన ఒరవడి. 1920లో 'సాపర్' అను కలము పేరు గల రచయిత బుల్‌డాగ్ డ్రమ్మండ్ అను నాయకుని సృష్టించెను. ఇట్టి నవలలలో నాయకుడు ధైర్యశాలి, దేహబలము గలవాడు, స్వదేశముపై సందేహమెరుగనివాడు. ప్రతినాయకుడు తరచుగా విదేశీయుడు. అతని దుష్టత్వమునకు కారణము చెప్పవలసిన పని లేదు. దుష్టుడు గనుక దుష్టకార్యములు చేయును, అంతియే.

ఆంబ్లర్ 1909 జూన్ 28న లండనులో జన్మించెను. తల్లిదండ్రులు మ్యూజిక్ హాలు వేదికలపై వినోదప్రదర్శనలిచ్చెడి కళాకారులు. బాలుడు విద్యార్థివేతనముపై నార్తాంప్టన్ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగు చదువ నారంభించెను గాని, పట్టము పొందకయే విడిచిపెట్టెను. పిమ్మట ఎడిసన్ స్వాన్ అను విద్యుత్పరికరముల సంస్థలో పని నేర్చుకొనుచు, క్రమముగా వాణిజ్యప్రకటనలు వ్రాయు వృత్తిలో ప్రవేశించెను. ఈ రెండు వృత్తులును అతని రచనకు పునాదులైనవి. కర్మాగారము అతనికి యంత్రమును, దానిని చేయించు యజమానిని, కొను ప్రభుత్వమును చూపెను. ప్రకటనల వృత్తి సరకును అమ్ముటకు మాటలను ఎట్లు వాడుదురో నేర్పెను. వేట, క్లబ్బు, సైన్యము అను ప్రభువర్గ జీవితము నుండి వచ్చిన పూర్వరచయితలకును, ఇతనికిని గల ప్రధానభేద మిదియే.

1936లో వెలువడిన తొలి నవల 'ది డార్క్ ఫ్రాంటియర్' పూర్వమార్గమునకు పరిహాసానుకరణము. అందు బార్‌స్టో అను భౌతికశాస్త్రాచార్యుడు ప్రమాదములో దెబ్బతిని, తన్ను తాను ఒక సాహసనవలా నాయకునిగా భావించుకొని, ఇక్సేనియా అను కల్పితదేశమునకు పోవును. ఆ దేశము రహస్యముగా నిర్మించుచున్నది అణుబాంబు! హిరోషిమాకు తొమ్మిదేండ్ల ముందే ఒక వినోదనవలలో ఈ ఆయుధము కనిపించుట, రచయిత సాంకేతిక విద్యాఫలము. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. మతి తప్పినవాడు మాత్రమే అట్టి వీరుడు కాగలడని ఈ కథ ధ్వనింపజేయుచున్నది. పాతనాయకునికి ఇట్లు వీడ్కోలు చెప్పిన పిదప, ఆంబ్లర్‌కు క్రొత్తనాయకుడు కావలసివచ్చెను.

ఆ క్రొత్తనాయకుడు సామాన్యుడు. 1937లో వచ్చిన 'అన్‌కామన్ డేంజర్'లో కెంటన్ అను పత్రికారచయిత జూదములో డబ్బు పోగొట్టుకొని, కూలికి ఒక కవరును సరిహద్దు దాటించుటకు ఒప్పుకొని చిక్కులలో పడును. 1938లో వచ్చిన 'కాజ్ ఫర్ అలారమ్'లో మార్లో అను ఇంజనీరు, ఉద్యోగము పోయిన కాలమున గత్యంతరము లేక, ఫిరంగిగుండ్లు చేయు యంత్రములను అమ్మెడి సంస్థ ప్రతినిధిగా మిలాన్ నగరమునకు పోవును. ఆ సంవత్సరముననే వెలువడిన 'ఎపిటాఫ్ ఫర్ ఎ స్పై' నాయకుడు వదస్సీ భాషలు బోధించుకొని బ్రతుకు ఉపాధ్యాయుడు. అతడు హంగేరీయుడు, కాని మొదటి ప్రపంచయుద్ధము తరువాతి ట్రియానన్ సంధి వలన అతని జన్మస్థలము యుగోస్లావియాలో చేరిపోగా, ఏ దేశమునకును పౌరుడు కానివాడయ్యెను. ఫ్రాన్సు సముద్రతీరమున ఒక వసతిగృహములో కెమెరాలు తారుమారగుటచే అతనిపై గూఢచారి యను నింద పడును. నిజమైన గూఢచారిని పట్టనిచో పోలీసులు అతనిని దేశమునుండి వెడలగొట్టుదురు; వెడలుటకు అతనికి దేశము లేదు. ఇచట ఉత్కంఠకు మూలము తుపాకి కాదు, ఒక గుర్తింపుపత్రము. దేశములు మారిన కాలమున మనుష్యుడు నిలువనీడ లేనివాడగుట ఎట్టిదో ఈ చిన్ననవల తెలుపుచున్నది.

నాయకుడు మారినట్లే ప్రతినాయకుడును మారెను. 'అన్‌కామన్ డేంజర్'లో కుట్రకు వెనుక నిలిచినది రుమేనియా చమురుపై కన్నువేసిన ఒక పెట్రోలియము కంపెనీ. హింస చేయువాడు జీతగాడు, చేయించునది వ్యాపారసంస్థ. యుద్ధము వచ్చుచున్నదని యూరపు వణకుచున్న ఆ దినములలో వామపక్షమువైపు మొగ్గిన ఆంబ్లర్, నేరమును వ్యక్తి స్వభావముతోగాక ఆర్థికవ్యవస్థతో ముడిపెట్టెను. పాఠకుని ప్రశ్న 'ఎవరు చేసిరి?' అనుట మాని, 'ఎవరి లాభమునకై చేసిరి?' అని మారెను. ఉత్కంఠ నవలకు ఆంబ్లర్ చేసిన ప్రధానమైన దోహదము ఈ ప్రశ్నయే యని మా నిర్ణయము.

ఈ ప్రశ్న పూర్ణరూపము దాల్చినది 1939లో వచ్చిన 'ది మాస్క్ ఆఫ్ డిమిట్రియోస్' నందు. పూర్వము అధ్యాపకుడై, పిదప అపరాధ పరిశోధక నవలలు వ్రాయు లాటిమర్ ఇస్తాంబూలులో కర్నల్ హకీ అను అధికారిని కలిసికొనును. బాస్ఫరస్ జలములలో దొరకిన శవము డిమిట్రియోస్ అను నేరగానిదని విని, ఆ మనుష్యుని జీవితచరిత్రను నిర్మింపగోరి, స్మిర్నా, ఏథెన్స్, సోఫియా, జెనీవా, పారిస్ నగరములకు పోవును. దస్తావేజులు, ఎరిగినవారి మాటలు, లేఖలు – ఇవియే అతని సాధనములు. పరిశోధకవిద్యార్థులకు ఈ పద్ధతి చిరపరిచితము. 1922లో స్మిర్నాలో అత్తిపండ్లు కట్టు కూలియైన డిమిట్రియోస్ క్రమముగా హంతకుడు, గూఢచారి, మాదకద్రవ్యముల వర్తకుడునై, తుదకు ఒక అంతర్జాతీయ బ్యాంకునకు డైరెక్టరగును. అతడు తొలిదినములలో పాల్గొన్న రాజకీయకుట్రకు ధనమిచ్చినదియు ఆ బ్యాంకే. నేరగాడు మారి పెద్దమనిషి కాలేదు; అతని నేరములను వాడుకొన్న లోకమే అతనికి పెద్దమనిషి స్థానము నిచ్చెను. కథాంతమున లాటిమర్ ఇంత చూచియు, ఇంగ్లండు పల్లెలో జరుగు ముచ్చటైన హత్యకథను అల్లుకొనుచు రైలులో పోవును. పాతప్రక్రియ సత్యమునకు ఎట్లు కన్నులు మూసికొనునో చూపు ఈ వ్యంగ్యము మిక్కిలి సున్నితమైనది.

1940లో 'జర్నీ ఇన్‌టు ఫియర్' వెలువడెను. ఆ యేటనే ఆంబ్లర్ ఫిరంగిదళములో సామాన్య సైనికుడుగా చేరి, సైనికచలనచిత్ర శాఖకు మారి, యుద్ధాంతమునకు లెఫ్టినెంట్ కర్నలయ్యెను. ఇటలీ యుద్ధరంగమున అమెరికను దర్శకుడు జాన్ హ్యూస్టన్‌తో కలిసి పనిచేసెను. పీటర్ ఉస్తినోవ్‌తో కలిసి 'ది వే అహెడ్' (1944), తరువాత ఒంటరిగా 'ది క్రూయల్ సీ' (1953), టైటానిక్ నౌక మునుకను చిత్రించిన 'ఎ నైట్ టు రిమెంబర్' (1958) అను చిత్రములకు కథనము వ్రాసెను. కాని 1940 నుండి 1951 వరకు తన పేరుతో ఒక్క నవలయు వెలువరింపలేదు.

మరల వ్రాయబూనినప్పుడు లోకము మారియుండెను. యుద్ధపూర్వనవలలలో సోవియట్ గూఢచారులు సానుభూతితో చిత్రింపబడిరి. 1951లోని 'జడ్జిమెంట్ ఆన్ డెల్చెవ్' తూర్పు యూరపు కమ్యూనిస్టు ప్రభుత్వము జరిపిన కపటవిచారణను బయటపెట్టెను. దీనివలన పాతమిత్రులలో కొందరు దూరమైరి. అయినను రచయిత మూలప్రశ్న మారలేదు. అది క్రొత్త అధికారమునకు వర్తించినది, అంతియే.

మనకు విశేషముగా ఆసక్తి గొలుపునది 1959 నాటి 'పాసేజ్ ఆఫ్ ఆర్మ్స్'. తెలుగు కూలీలు సయితము వలసపోయిన మలయా రబ్బరుతోటలలో ఒకదానియందు గుమాస్తాగా నున్న గిరిజా కృష్ణన్ అను భారతీయునికి, చనిపోయిన తిరుగుబాటుదారులు దాచిన ఆయుధముల గుట్ట దొరకును. అతనికి రాజ్యకాంక్ష లేదు. బస్సులు నడుపు వ్యాపారము పెట్టవలెనని మాత్రమే కోరిక. పాశ్చాత్య ఉత్కంఠ నవలలో ఆసియావాసి అనగా క్రూరుడో సేవకుడో యగు ఆచారమును త్రోసి, ఆంబ్లర్ అతనికి సొంతబుద్ధిని, ఓర్పును, హాస్యాస్పదము కాని కలను ఇచ్చెను. ఈ నవలకు ఆంగ్ల నేరకథారచయితల సంఘము బహుమతి లభించెను. 1962లో వచ్చిన 'ది లైట్ ఆఫ్ డే' 1964లో 'టాప్‌కాపీ' అను పేర చలనచిత్రమయ్యెను. దాని నాయకుడు సింప్సన్ చిల్లరమోసగాడు, పౌరసత్వము లేనివాడు. వదస్సీ దుఃఖమే ఇచట హాస్యముగా మారినది.

1972లో 'ది లెవాంటర్'కు అదే సంఘము బహుమతి మరల వచ్చెను. 1981లోని 'ది కేర్ ఆఫ్ టైమ్' కడపటి నవల. 1985లో ప్రకటించిన స్వీయచరిత్రకు 'హియర్ లైస్' అని పేరు. సమాధిపై 'ఇచట శయనించియున్నాడు' అని వ్రాయు మాటకే 'ఇచట అబద్ధములున్నవి' అను అర్థమును తోపించిన శ్లేష అది. 1998 అక్టోబరు 22న ఆంబ్లర్ లండనులో మరణించెను.

ఇతని రచనలలో లోపములు లేకపోలేదు. స్త్రీపాత్రలు పెక్కుచోట్ల పలుచన. కాకతాళీయ ఘటనలు అక్కడక్కడ అధికము. అయినను గ్రహమ్ గ్రీన్, జాన్ లె కారే వంటివారు ఇతని ప్రాముఖ్యమును అంగీకరించిరి. లె కారే చిత్రించిన అలసిన గూఢచారికి పూర్వుడు ఆంబ్లర్ చిత్రించిన సామాన్యుడే.

ఉత్కంఠ కథకు అలంకారము కాదు. అది ఒక పరికరము. దానిని చేతబట్టి రచయిత ఏమి త్రవ్వుచున్నాడన్నదే విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న. మన వినోదనవలలను పరిశీలింపబూనువారును హంతకుని పేరుతో తృప్తి పడక, ఆ నవలలో ధనము ఎటనుండి ఎటు ప్రవహించుచున్నదో, ఎవరి భయము కథను నడుపుచున్నదో గుర్తింతురేని, ఇంతవరకు చిల్లరసరకని త్రోసివేసిన పుస్తకములలో నాటి సంఘచరిత్ర కొంత లభింపగలదని మా విశ్వాసము.