నకిలీ వరుసలను దాచొద్దు, మూలం వెతకండి

ఒక దుకాణం డేటాబేస్‌లో 1000 రూపాయల ఆర్డరు ఒకటి ఉందనుకుందాం. అందులో మూడు వస్తువులున్నాయి. డబ్బు 500 చొప్పున రెండు విడతల్లో వచ్చింది. ఆర్డర్ల పట్టికకు వస్తువుల పట్టికను, చెల్లింపుల పట్టికను జాయిన్ చేసి, ఆర్డరు నంబరు, ఒక్కో చెల్లింపు మొత్తం చూపమంటే అచ్చుగుద్దినట్టు ఒకేలా ఆరు వరుసలొస్తాయి. వాటిని కూడితే 3000 రూపాయలు తేలుతుంది. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. ఒకే ఆర్డరుకు చెందిన ప్రతి వస్తువునూ ప్రతి చెల్లింపుతోనూ జతకట్టమని మన క్వెరీయే అడిగింది. మూడు రెళ్లు ఆరు. అనుకోకుండా వచ్చే నకిలీ వరుసల్లో చాలావరకు ఇలా ప్రశ్నలోనే పుడతాయి.

ఇలాంటప్పుడు చాలామంది క్వెరీలో డిస్టింక్ట్ అనే మాట చేర్చి ఊరుకుంటారు. అప్పుడు ఆరు వరుసలూ ఒక్కటైపోయి, వసూలైంది 500గా కనిపిస్తుంది. మొత్తం కట్టేసిన మనిషి సగం బాకీదారుగా మిగులుతాడు. పైగా 3000 చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, 500 మాత్రం నమ్మదగ్గ అంకెలా ఉంటుంది. కనబడే తప్పును కనబడని తప్పుగా మార్చడం మరమ్మతు కాదు.

1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో ఒకే వరుస రెండుసార్లు ఉండటానికి వీల్లేదు. తర్వాత ఐబీఎంలో పుట్టిన క్వెరీ భాష ఎస్‌క్యూఎల్ మాత్రం నకిలీలను అనుమతించింది. వాటిని ప్రతిసారీ ఏరివేయాలంటే యంత్రానికి శ్రమ ఎక్కువ. అదీగాక రెండు 500లు నిజంగా రెండు వేర్వేరు చెల్లింపులు కావచ్చు. ఏది నకిలీయో, ఏది అసలో తేల్చే బాధ్యత అందుకే క్వెరీ రాసేవారిది.

ఆ పని ఒక క్రమంలో పెట్టుకుంటే కష్టం కాదు. ఫలితంలో ఒక్కో వరుస దేనికి గుర్తో ముందే నిర్ణయించుకోవాలి: ఆర్డరుకా, వస్తువుకా, చెల్లింపుకా? తర్వాత మూల పట్టికతో మొదలుపెట్టి, జాయిన్‌లను ఒక్కొక్కటిగా చేరుస్తూ వరుసల సంఖ్య చూడాలి. ఎక్కడ అది అనుకోకుండా పెరిగిందో వెతకాల్సింది అక్కడే. ఆ పట్టికలో ఒక్కసారే ఉండాల్సిన నంబరు రెండుసార్లు నమోదై ఉంటే, డేటాను శుభ్రం చేసి, మళ్లీ అలా జరక్కుండా యూనిక్ నిబంధన పెట్టాలి. డేటా సరిగానే ఉంటే క్వెరీని మార్చాలి. మన ఉదాహరణలో ఆర్డరువారీగా చెల్లింపులను ముందే కూడి, ఆ మొత్తాన్ని ఆర్డరుకు జాయిన్ చేస్తే సరిగ్గా 1000 వస్తుంది. అసలు చెల్లింపు జరిగిందా లేదా అన్నదే కావాలంటే జాయిన్ అక్కర్లేదు, ఎగ్జిస్ట్స్ అనే షరతు చాలు.

డిస్టింక్ట్ భాషలో ఉన్నది వాడటానికే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. మన కొనుగోలుదారులు ఏయే ఊళ్లలో ఉన్నారని అడిగినప్పుడు అదే సరైన సాధనం. అక్కడ పునరావృతం ఎందుకొస్తుందో తెలిసే తీసేస్తున్నాం. పని ఒత్తిడిలో ఇంత పరిశీలనకు తీరికేదీ అన్న ప్రశ్నా న్యాయమైనదే. కానీ ఆ 500 అంకెను నమ్మి కట్టేసిన బాకీకి మళ్లీ నోటీసు వెళ్తే, దాన్ని సరిదిద్దడానికి పట్టే సమయం ఇంకా ఎక్కువ. కారణం చెప్పగలిగినప్పుడే నకిలీని తొలగించాలి. చెప్పలేకపోతే వెతుకులాట ఇంకా పూర్తికాలేదన్నమాట.