పెరటి చెరువులో చేపలెన్ని?

గోదావరి డెల్టాలో పెరటి చెరువుతో కూడిన యింటిని క్రొత్తగా కొన్న గృహస్థునకు కొబ్బరిచెట్లను లెక్కించుకొనుటకు ఒక పూట చాలును. చెరువు గట్టు దగ్గరకు వచ్చుసరికి లెక్క ఆగిపోవును. అమ్మినవారు చెప్పిన సంఖ్య ఒకటి, ఇరుగుపొరుగువారు చెప్పునది మరొకటి. రాజోద్యోగి ధనమును ఎప్పుడు అపహరించునో కనిపెట్టుట కష్టమని చెప్పవలసి వచ్చినపుడు కౌటిల్యుడు నీటిలోని చేపనే ఉపమానముగా గైకొన్నాడు. ఆ చేప నీరు త్రాగుట ఎవరి కంటను పడదు గదా! ఆయన చింత ఉద్యోగులను గూర్చియే గాని, ఉపమానము మాత్రము చెరువు గట్టున నిలిచి చూచినవాని దానివలె నున్నది.

ఈ లెక్క వట్టి కుతూహలమునకై కాదు. వానలు పడిన పిమ్మట చెరువులో బొచ్చె, శీలావతి, మోసు పిల్లలను వదలుట వాడుక. బొచ్చె పైనీటిలోను, శీలావతి నడిమినీటిలోను, మోసు అడుగునను మేయును గనుక మూడును ఒకచోట ఇముడును. కాని ఆ నీటిలో కొరమీనో వాలుగయో ముందే కాపురమున్నచో, వేలెడు పిల్లలను కొనితెచ్చి వదలుట వానికి విందు పెట్టుటయే యగును. ఈ భయముచేత కొందరు తొలిదినముననే ఇప్పచెక్క తెచ్చి నీటిలో కలిపివేయుదురు. అందలి సపోనిను అను పదార్థము చేపల రక్తకణములను చిట్లించును. కొరమీనుతోబాటు దోమపిల్లలను తిని బ్రదుకు చిన్నచేపలును తేలిపోవును. విచారణ లేకయే శిక్ష విధించుట యన్న నిదియే.

విచారణకు మొదటి సాధనము కన్ను. తగిన వేళ వేకువ. రాత్రి వేళ నీటిలోని నాచు ప్రాణవాయువును విడువదు. చెరువులోని జీవులన్నియు దానిని వాడుకొనుచునే యుండును. కనుక తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గును. ఆ వేళ చేపలు గుంపుగా నోళ్లు తెరచి పైకి వచ్చుచున్నచో చెరువు ఇరుకైనదని గ్రహింపవచ్చును. కొరమీను సంగతి వేరు. అది గాలిని పీల్చు చేప. నీరెంత మంచిదైనను అప్పుడప్పుడు పైకి వచ్చి పోవలసినదే. ఎఱ్ఱని పిల్లల గుంపొకటి నీటిపై కదలుచు, దాని క్రింద పెద్దచేప నీడ కనబడినచో సందేహమే అక్కరలేదు. అది పిల్లలను కాచుకొనుచున్న కొరమీను.

జాతులు తెలిసినవి, సంఖ్య తెలియుట ఎట్లు? నీరంతయు తోడకయే లెక్కించు ఉపాయ మొకటి కలదు. వల లాగి, దొరికిన చేపలను తడిచేతులతో పట్టి (పొడిచేయి తగిలిన చేపపై జిగురుపొర చెడును), పొట్టక్రింది రెక్కలలో నొకదాని కొనను కొంచెము కత్తిరించి విడిచిపెట్టవలెను. అవి తక్కినవానితో కలిసిపోవుటకు కొన్ని దినములు గడువిచ్చి మరల వల లాగవలెను. మొదట గుర్తు పెట్టినవి 60, రెండవమారు దొరికినవి 50, వానిలో గుర్తున్నవి 10 అనుకొందము. దొరికిన అయిదింటిలో నొకదానికి గుర్తున్నది. కాబట్టి చెరువంతటిలోను అయిదింట నొకటి గుర్తుగలదే యగును. మొత్తము 300. పట్టిన చేపను విడిచిపెట్టిననే గాని పట్టని చేప సంగతి తెలియదనుట ఈ లెక్కలోని చమత్కారము.

ఈ యూహ చేపలతో పుట్టినది కాదు. ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాసు 1802 ప్రాంతమున ఇట్టి నిష్పత్తితోనే తన దేశజనాభాను అంచనా కట్టినాడు. కొన్ని గ్రామములలో ఒక్కొక్క జననమునకు సుమారు 28 మంది చొప్పున జనమున్నట్లు తేలగా, దానిని దేశమంతటి జననములకు అన్వయించినాడు. డెన్మార్కు జీవశాస్త్రజ్ఞుడు పీటర్సను 1896లో సముద్రపు చేపలకు గుర్తులు కట్టి పరిశీలించినాడు. పై సూత్రము నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది.

అయితే 300 అను సంఖ్యను శిలాశాసనముగా భావింపరాదు. రెండవ వలలో గుర్తుగలవి 10కి బదులు 5 వచ్చియుండినచో ఫలితము 600; 15 వచ్చినచో 200 మాత్రమే. వల ఒక్కసారి కొంచెము ప్రక్కకు పడినంతనే చెరువు సగమగుటయో రెట్టింపగుటయో జరుగును. గణితజ్ఞుడు చాప్మను 1951లో చేసిన సవరణను బట్టి మన లెక్క 300 నుండి సుమారు 282కు దిగును. కాని అసలు మందు మరల మరల వల లాగుటయే. ష్నాబెల్ అను విదుషి 1938లో అనేక పర్యాయములు పట్టి విడుచుటకు తగిన సూత్రమును ప్రకటించినది.

సూత్రము కన్న ముఖ్యమైనది చేప స్వభావము. ఒకమారు వలలో పడినది రెండవమారు తప్పించుకొన నేర్చినను, గుర్తు పెట్టినపుడు నలిగి చచ్చినను, గుర్తుగలవి తక్కువగా దొరకి లెక్క లేనిపోని గొప్పగా వచ్చును. విడిచిన మూలనే మరల వల వేసినచో ఇందుకు విరుద్ధము. కొరమీను బురదలో దూరును, వలపై నుండి దుముకును. దానిని శీలావతితో కలిపి లెక్కించుట చెల్లదు. నిజమునకు “చేపలెన్ని” అను ప్రశ్నయే తప్పు. ఏ జాతి ఎన్ని యని అడుగవలెను.

కొరమీనులు రెండో మూడో యని తేలినచో, వానిని గాలముతో పట్టి, మిగిలినవానికి లొంగనంత పెద్దపిల్లలను, జానకు తక్కువకానివానిని, వదలిన సరిపోవును. అంగడిలో కొరమీను ధర ఎఱిగినవాడు వానినే పెంచదలచిన నదియు తప్పు కాదు. అవి విస్తారముగా నున్నపుడే ఇప్పచెక్క మాట. అయిదు సెంట్ల చెరువున మీటరు లోతు నీరున్నచో సుమారు 50 కిలోలు పట్టును. విషము విరిగి అది ఎరువుగా మారుటకు మూడు వారములు ఆగి, అటుపిమ్మటనే పిల్లలను విడువవలెను.