కందికి గొడ్డుతనం ఎటునుంచి వచ్చింది?



మీ కందిచేలో పైరంతా పూతకు వచ్చి వుంటుంది. నడుమ ఒక మొక్క మాత్రం గుబురుగా, పచ్చగా, పొట్టిగా నిలబడి వుంటుంది. పూత లేదు, పిందె లేదు. “బలం ఎక్కువై ఆకుకు పోయిందిలే” అని మీరు దాటిపోతారు. అలా దాటిపోకండి. ఒక ఆకు తెంపి వెలుతురుకు ఎత్తి చూడండి. లేత పచ్చ, ముదురు పచ్చ కలగాపులగంగా కనిపిస్తాయి. ఆకు సైజు కూడా తగ్గి వుంటుంది. అది బలం కాదు, జబ్బు. కొందరు వెర్రి తెగులంటారు, కొందరు గొడ్డుమోతు తెగులంటారు. రెండు పేర్లూ చూసి పెట్టినవే.

విత్తిన 45 రోజుల లోపల యిది సోకిందా, ఆ మొక్క మీద ఆశ వదులుకోవలసిందే. నూటికి 95 పాళ్లకు పైగా నష్టం. ఆ తర్వాత సోకితే కొన్ని కొమ్మలు కాస్తాయి, కొన్ని కాయవు. ఎండు తెగులైతే మొక్క చచ్చి కంటపడుతుంది. దీనితో చిక్కేమిటంటే, మొక్క బ్రతికే వుంటుంది, పక్కవాటికి పంచుతూ వుంటుంది.

పంచేది ఎవరు? 1931లో బీహారులోని పూసాలో యీ తెగులును మొదట గుర్తించారు. దాన్ని మోసేది ఒక నల్లి అని 1962లో తేలింది. నల్లి మోసేది వైరస్ అని రుజువు కావడానికి 2000వ సంవత్సరం దాకా పట్టింది. మిరపతోటలో మీరు చూసే నల్లి కాదిది. పావు మిల్లీమీటరు కూడా వుండదు, భూతద్దం కింద కూడా వెతుక్కోవాలి. కాళ్లు నాలుగే, రెక్కలు లేవు. జబ్బు మొక్క రసం 15 నిముషాలు పీల్చితే చాలు, వైరస్ దానికి అంటుతుంది. అలాంటి నల్లి ఒక్కటి వాలినా దాదాపు సగం మొక్కలకు తెగులు వస్తుంది. అయిదుకు మించి వాలితే ఏ మొక్కా తప్పించుకోదు.

రెక్కలు లేనిది చేనుచేనుకూ ఎలా పోతుందంటారా? గాలి మీద పోతుంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ వారు గమనించినదాని ప్రకారం, గాలి వాలుకు 2 కిలోమీటర్ల దాకా తెగులు పాకింది. ఎదురుగాలి వైపు 200 మీటర్లు కూడా పోలేదు. ఈ లెక్క మనకెంతో పనికివస్తుంది.

ఎందుకంటే, ఈ తెగులు విత్తనం ద్వారా రాదు, నేల ద్వారా రాదు. నల్లికి కందీ, దాని అడవి చుట్టాలూ తప్ప వేరే తిండి లేదు. అంటే వేసవి గడవాలంటే దానికెక్కడో పచ్చి కందిమొక్క వుండి తీరాలి. పొన్నూరు వైపు మాగాణి ఊళ్లలో వరిగట్ల మీదా, దొడ్లలోనూ వేసిన కంది వుంటుంది గదా! కాయ కోసుకున్నాక చెట్టును అలాగే వదిలేస్తాం. అది మోడు చిగిర్చి రెండో ఏడు కూడా నిలుస్తుంది. ఇంటికి నాలుగు పచ్చికాయలు వస్తాయని ఆశ. మెట్టలో పత్తిలో సాళ్లుగా వేసిన కందిమోళ్లు చేను చివర మిగిలినా ఇంతే. తొలకరిలో మృగశిర, ఆరుద్ర కార్తెలకు కొత్త కంది మొలిచేసరికి నైరుతి గాలి వీస్తూ వుంటుంది. మోడు మీది నల్లి ఆ గాలికి ఎక్కుతుంది.

కనుక తెగులు జాడ తీయాలంటే ఇలా చేయండి. నెల పైరులో ఒక మూల నుంచి ఎదురు మూలకు నడుస్తూ 100 మొక్కలు చూడండి. జబ్బుదానికి గుడ్డపేలిక కట్టి, ఎన్నో, ఏ పక్కవో, ఏ తేదీనో పుస్తకంలో రాసుకోండి. పది పదిహేను రోజులకు మళ్లీ చూడండి. పేలికలు పడమటి గట్టు దగ్గర దట్టంగా వుండి లోపలికి పలచబడితే, మూలం ఆ వైపునే వుందన్నమాట. గాలికి ఎదురుగా నడుచుకుంటూ పోయి వెతకండి. అది మీ చెట్టే కావచ్చు, పొరుగువారి దొడ్లోది కావచ్చు. పొరుగాయనతో తగవు పెట్టుకోకుండా, ఆయనను చేనుకు తీసుకువచ్చి పేలికలు చూపించండి. చెట్టు కొట్టమని మాటతో అడగడం కంటె ఇది నయం.

జబ్బు మొక్కలను 45 రోజుల లోపునే పీకి, గోతంలో వేసి బయటకు తెచ్చి కాల్చండి. చేలో ఈడ్చుకుపోతే నల్లిని మీరే చల్లినట్లు. మిగతా పైరుకు లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి కొట్టవచ్చు. అది నల్లిని తగ్గిస్తుందే గాని, వైరస్ పట్టిన మొక్కను బాగుచేయదు.

ఇక విత్తనం సంగతి. ఐ.సి.పి.ఎల్. 87119 అనే “ఆశ” రకం ఎండు తెగులునూ దీన్నీ కూడా తట్టుకుంటుందని పేరు తెచ్చుకున్నది. అయితే వైరస్‌లోనూ తేడాలున్నాయి. పటాన్‌చెరులో నిలిచిన కొన్ని రకాలు బెంగుళూరు వైపు లొంగిపోయాయి. అందుకని మీ పుస్తకంలో ఏ రకంలో ఎన్ని పేలికలు పడ్డాయో కూడా రాయండి. వచ్చే సంవత్సరం విత్తనం కొనబోయే ముందు ఆ లెక్కను గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానంలో చూపించి, మీ నేలకు ఏది తగునో అడగండి. అంతకు ముందే, వేసవి దుక్కులలోనే, ఊరంతా కలిసి గట్ల మీది పాత కందిమోళ్లను వేళ్లతో సహా తీసివేయండి. తొలకరి వానకు వారం పది రోజులు ముందుగా ఆ పని పూర్తి కావాలి.