మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగికి పథ్యం: స్వేదనం వద్దు, ఔషధం మానవద్దు

కొన్ని సంవత్సరాల క్రితం వైశాఖ మాసంలో, మంజీర ఒడ్డున ఉన్న ఒక పల్లె నుండి ఒక అత్తగారు తన కోడలిని వెంటబెట్టుకొని మెదకులోని నా వైద్యశాలకు వచ్చింది. ఆ అమ్మాయికి ఇంకా ముప్పై ఏండ్లు నిండలేదు. బడిలో పాఠాలు చెబుతుంది. నెల రోజులుగా నడుము నుండి క్రిందికి తిమ్మిరి, కాళ్ళు బరువు, నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియని స్థితి. అంతకు రెండేండ్ల ముందు ఒక కన్ను మసకబారి, మూడు వారాలలో దానంతట అదే బాగుపడిందట. ఈ సంగతి అత్తగారు లేచి వెళ్ళబోతూ చెప్పింది. నేను దానిని పట్టించుకోలేదు.

తిమ్మిరి, బిగువు, బరువు కనబడితే వాతం. వాతానికి స్నేహనం, స్వేదనం. గురుకులంలో పన్నెండేండ్లు మా గురువుగారి పాదాల చెంత నేర్చుకొన్నది నా చేతులలో ఉన్నది. మహానారాయణ తైలంతో అభ్యంగనం చేయించి, ఆవిరి పెట్టెలో కూర్చోబెట్టాను. మూడవ నాడు పెట్టెలో పది నిమిషాలు గడవకముందే ఆ అమ్మాయి, "అయ్యగారూ, కండ్లకు ఏం కనిపిస్తలేదు" అన్నది. బయటికి తీస్తే కాళ్ళు నిలువలేదు. తడిగుడ్డలు కప్పి, పంకా క్రింద పడుకోబెట్టి, చల్లని మజ్జిగ త్రాగించాము. గంటకు చూపు తిరిగి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మరునాడు నేనే చీటీ వ్రాసి హైదరాబాదుకు, నరాల వైద్యుని వద్దకు పంపాను. ఎమ్మారై తీశారు, వెన్నునీరు పరీక్షించారు. వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఆ వైద్యుడు నాకు ఫోను చేసి, నేను చూచిన దానికి కూడా ఒక పేరున్నదని మర్యాదగా చెప్పాడు. 1890లో జర్మనీకి చెందిన ఉహ్‌థాఫ్ అనే కంటి వైద్యుడు, ఈ రోగులకు శ్రమ చేసినప్పుడు చూపు మందగిస్తుందని వ్రాశాడు. అందుకు కారణం ఒంటి వేడి పెరగడమేనని తరువాత తెలిసింది. శరీరపు వేడి అర డిగ్రీ పెరిగినా చాలునట. ఎమ్మారై యంత్రాలు రాని రోజులలో ఈ వ్యాధిని నిర్ధారించడానికి రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టేవారట! నేను తెలియక చేసినది అదే పరీక్ష.

ఇంతకూ ఈ వ్యాధి ఏమిటి? కరెంటు తీగకు పైన రబ్బరు తొడుగు ఉన్నట్లే, మన నరాల పోగులకు మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ శక్తి దారి తప్పి, మెదడులోను, వెన్నుపాములోను, కంటి నరంలోను ఆ పొరనే అక్కడక్కడ కొరికివేస్తుంది. ఏ చోట కొరికితే ఆ చోటి పని దెబ్బతింటుంది. 1868లో పారిస్ నగరంలో షార్కో అనే వైద్యుడు దీనిని స్పష్టంగా వర్ణించాడు. ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా దీనితో జీవిస్తున్నారని 2020 నాటి అంచనా. భూమధ్య రేఖకు దూరంగా ఉన్న చలి దేశాలలో ఎక్కువ, మన వద్ద తక్కువ. ఇరవై నుండి నలభై ఏండ్ల వయస్సులో, పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికంగా కనబడుతుంది. మన సంహితలలో ఈ పేరు లేదు. కొందరు ఆవృత వాతమనీ, కొందరు మజ్జగత వాతమనీ పోలుస్తారు. పోలిక పోలికే. దానిని పట్టుకొని చికిత్స చేయబోయే నేను ఆవిరి పెట్టె వరకు వెళ్ళాను.

మందు మాన్పించండి అన్నారు

వ్యాధి పేరు తెలిసిన నెల రోజులకు ఆ అత్తగారు మళ్ళీ వచ్చింది. "ఆ సూదులు బంద్ జేపిచ్చి మీ మందే ఇయ్యుండ్రి అయ్యగారూ, ఇంగ్లీషు మందు వేడి జేస్తది" అని బ్రతిమాలింది. ఆయుర్వేద వైద్యునికి ఇంతకంటె ప్రీతికరమైన మాట మరొకటి ఉండదు. కాని నేను ఒప్పుకోలేదు. ఈ వ్యాధి చాలామందిలో దాడి చేసి, వెనుకకు తగ్గి, మళ్ళీ దాడి చేస్తుంది. తగ్గిన కాలంలో ఏ మందు పుచ్చుకొంటే ఆ మందు వల్లనే తగ్గిందనిపిస్తుంది. ఆమె కన్ను ఏ మందూ లేకుండానే బాగుపడలేదా? అంతకు పూర్వం ఎవరి మాటనో నమ్మి ఇంజెక్షన్లు మానివేసిన ఒక యువకుడు చేతికర్రతో నా గడప ఎక్కాడు. రెండవ ఏట అతనిని కుర్చీలో మోసుకొని వచ్చారు. ఆ పొర ఒకసారి పోయి, లోపలి పోగు కూడా తెగితే, ఏ తైలమూ దానిని తిరిగి అతికించలేదు. నరాల వైద్యుని మందు మానకుండా, దానికి తోడుగా పథ్యం చెబుతానన్నాను. అలాగే చెప్పాను.

పథ్యం ఈ వ్యాధిని నయం చేయదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. అమెరికాలో రాయ్ స్వాంక్ అనే వైద్యుడు 1949 ప్రాంతంలో, జంతువుల కొవ్వు బాగా తగ్గించిన ఆహారాన్ని రోగులకు మొదలుపెట్టి, 34 ఏండ్లు వారిని గమనించి 1990లో ఫలితాలు ప్రకటించాడు. కొవ్వు తక్కువ తిన్నవారు మేలుగా ఉన్నారన్నాడు. కాని ఆ ఆహారం ఇవ్వని మరొక జట్టును ప్రక్కన పెట్టి పోల్చలేదు. 2020లో కోక్రేన్ సంస్థ అప్పటి వరకు వచ్చిన ఆహార పరీక్షలన్నింటినీ తూచి, ఏ ఆహారమూ ఈ వ్యాధిని ఆపుతుందని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. 2021లో అమెరికాలోనే స్వాంక్ ఆహారాన్ని, వాల్స్ అనే వైద్యురాలి ఆహారాన్ని పోల్చి చూచారు. రెండు జట్లలోనూ అలసట తగ్గింది. నాకు ఇది ఆశ్చర్యం కాలేదు. ఏదో ఒక క్రమంలో, కూరగాయలు ఎక్కువగా, వేపుళ్ళు తక్కువగా తిన్నవాడు ఎప్పుడూ కొంత తేలికగానే ఉంటాడు. మరి పథ్యంతో ప్రయోజనం ఏమిటంటే అలసట, మలబద్ధకం, మూత్ర బాధ, ఎముకల బలహీనత, పెరిగే బరువు. రోగి దినదినం పోరాడేది వీటితోనే.

వంటింటి సంగతులు

ముందుగా నెయ్యి. వాత రోగికి నెయ్యి అమృతమని మన శాస్త్రం. స్వాంక్ రోజుకు 15 గ్రాములకు మించి గట్టి కొవ్వు కూడదన్నాడు. ఒక చిన్న చెంచా నేతిలో అటువంటి కొవ్వు సుమారు 3 గ్రాములు ఉంటుంది. కనుక పూటకు ఒక చెంచా చొప్పున రెండు పూటలా వేడి అన్నంలో వేసుకొంటే రెండు శాస్త్రాలకూ కోపం రాదు. ఇబ్బంది అంతా డాల్డాతోను, బేకరీ వస్తువులతోను, మాటిమాటికీ కాగిన మిర్చిబజ్జీల నూనెతోను. వంటకు పల్లి నూనె, నువ్వుల నూనె, మన జహీరాబాదు వైపు పండే కుసుమ గింజల నూనె మార్చి మార్చి మితంగా వాడుకోవచ్చు.

జొన్న విషయంలో నేను మా గురువుగారి మాటను కొంత దాటాను. జొన్న రూక్షం, వాతకరం, నరాల రోగికి నిషేధం అనేవారు ఆయన. ఆ మాట ప్రకారం ఈ అమ్మాయికి మొదట మెత్తటి తెల్లన్నమే చెప్పాను. రెండు నెలలలో బరువు పెరిగింది, విరేచనం నాలుగు రోజులకొకసారి అయింది. అప్పుడు జొన్న రొట్టెను తిరిగి ఇచ్చాను. అయితే రొట్టెకు కాస్త నెయ్యి రాసి, ప్రక్కన పప్పులో వేసిన పాలకూరో, తోటకూరో, పుంటికూరో ఉండాలి. రూక్షత్వం పోతుంది, పేగు కదులుతుంది. ఈ రోగులలో మలబద్ధకం వెన్నుపాము దెబ్బ వల్ల వస్తుంది, కదలిక తగ్గడం వల్ల పెరుగుతుంది. పీచు, నీరు, ఉదయం ఒకే వేళకు కూర్చునే అలవాటు, ఈ మూడింటితో లొంగకపోతేనే రాత్రి పూట గోరువెచ్చని నీటితో అర చెంచా త్రిఫల చూర్ణం.

నీటి మాట వచ్చింది గనుక ఒక ముఖ్య విషయం. మూత్రం ఆపుకోలేక అవమానం పాలవుతామని ఈ రోగులు, ముఖ్యంగా స్త్రీలు, నీళ్ళు త్రాగడమే మానేస్తారు. ఈ అమ్మాయి బడి వేళలో ఒక్క గుక్క కూడా త్రాగేది కాదు. దాని వల్ల మూత్రం చిక్కబడి మంట, ఆపైన ఇన్‌ఫెక్షన్, జ్వరం. జ్వరం వస్తే ఒంటి వేడి పెరిగి పాత లక్షణాలన్నీ తిరగబెడతాయి. ఇంటివారు కొత్త దాడి అనుకొని హడలిపోతారు. నీరు పగలంతా పంచుకొని కొంచెం కొంచెంగా త్రాగాలి, పడుకొనే ముందు రెండు గంటలు తగ్గించాలి, టీ, కాఫీలు రోజుకు ఒకటితో ఆపాలి.

అవిసె గింజలు మన ఇండ్లలో మరుగున పడ్డాయి. వాటిని దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు చేర్చి దంచిన పొడి రోజూ ఒక పెద్ద చెంచా అన్నంలో కలుపుకొంటే నరాలకు కావలసిన జాతి కొవ్వు కొంత అందుతుంది. శరీరం దానిని చేపలోని కొవ్వుగా మార్చుకొనేది స్వల్పమే. కనుక మాంసాహారులు వారానికి రెండుసార్లు చేపల పులుసు తినవచ్చు. శాకాహారులు మరొక సంగతి మరువరాదు. బి12 విటమిన్ తగ్గినా కాళ్ళ తిమ్మిర్లు, తూలిపోవడం వస్తాయి. ఈ వ్యాధి ఉన్నవారికి ఆ లోటు కూడా తోడైతే కష్టం రెట్టింపు. రక్త పరీక్ష చేయించుకోవాలి.

దాడి వచ్చినప్పుడు మూడు నుండి ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కిస్తారు. ఆ రోజులలో ఆకలి మండుతుంది, నీరు పడుతుంది, చక్కెర పెరుగుతుంది. ఊరగాయ, అప్పడం, తీపి అప్పుడు కట్టివేయాలి. మాటిమాటికీ స్టెరాయిడ్ పడితే ఎముకలు గుల్లబారుతాయి గనుక తైదలు, నువ్వులు, పాలు, పెరుగు విడువరాదు. మింగడం కష్టమైనవారికి పలుచని నీళ్ళ చారు పొలమారుతుంది. చిక్కగా ఉడికిన జావ, మెత్తని గట్క మేలు. కూర్చోబెట్టి, మాట్లాడించకుండా తినిపించాలి.

ఎండ ఎంత?

ఒంటిలో డి విటమిన్ తక్కువైనవారికి ఈ వ్యాధి ఎక్కువగా వస్తుందని చాలా దేశాలలో గమనించారు. సూర్యుడు ఇంత దయగా ఉన్న మన నేలలో కూడా నీడ పట్టున ఉండేవారిలో ఈ లోటు సామాన్యం. లేత ఎండలో కూర్చుంటే చాలునని మనమంతా చెబుతాము, నేనూ చాలా కాలం చెప్పాను. నిజానికి డి విటమిన్ తయారు చేసే కిరణాలు ప్రొద్దుటి ఎండలో దాదాపు ఉండవు, ప్రొద్దెక్కిన తరువాతే వస్తాయి. ఆ వేళకు మెదకులో వేసవి ఎండ ఈ రోగిని పడగొడుతుంది. అందుకని కార్తికం నుండి మాఘం వరకు పది, పదకొండు గంటల మధ్య ముఖం, చేతులు తగిలేలా ఇరవై నిమిషాలు కూర్చోమంటాను. వేసవిలో ఎండ వద్దు, వైద్యుడు వ్రాసిన మాత్ర చాలు. ఆ మాత్ర రోగాన్ని ఆపుతుందా అంటే, 2023లో అమెరికా పరీక్షలో రోజుకు 5000 యూనిట్లు తిన్నవారికీ 600 తిన్నవారికీ దాడులలో తేడా కనబడలేదు. 2025లో ఫ్రెంచి వైద్యులు, వ్యాధి తొలి దశలో వేరే మందు వాడనివారికి పెద్ద మోతాదు ఇస్తే వ్యాధి జోరు తగ్గిందన్నారు. లోటు ఉంటే పూడ్చుకోవాలి. ఎవరంతట వారు పెద్ద మోతాదులు మ్రింగితే కాల్షియం పెరిగి మూత్రపిండాలు చెడతాయి.

ఇక మన మూలికలు. పత్రికలో వ్రాస్తే కొందరు సహ వైద్యులకు కోపం రావచ్చును. తిప్పతీగ, అశ్వగంధ వంటివి రోగ నిరోధక శక్తిని పెంచుతాయని అమ్ముతారు. ఈ వ్యాధిలో ఆ శక్తే దారి తప్పి ఉన్నది. వైద్యులు దానిని అణచడానికి మందు ఇస్తుంటే మనం రెచ్చగొట్టే మందు ఇవ్వడం ఎటువంటి యుక్తి? పైగా ఈ రోగులు వాడే కొన్ని మందులు కాలేయంపై భారం వేస్తాయి. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, అదే జాతికి చెందిన మరొక తీగతో పొరబడి ఉంటారన్నది. ఎవరి మాట నిజమైనా, బజారు పొడిలో ఏ తీగ ఉన్నదో రోగికి తెలియదు. నేను ఈ రోగులకు ఆ రెండూ ఇవ్వను. పేరు, చీటీ లేని భస్మాలు అసలే వద్దు, సీసం కలిసిన మందు మంచి నరాలను కూడా పాడుచేస్తుంది. తైలం మర్దన మాత్రం బిగిసిన కాళ్ళకు హాయినిస్తుంది. అయితే గోరువెచ్చగానే, ఆవిరి లేకుండా. బీడీ, చుట్ట, సిగరెట్టు వ్యాధిని ముందుకు తోస్తాయని రుజువైంది. వాటిని మానడం మందు వాడినంత పని.

ఈ వ్యాధి మందులకు ఖర్చు ఎక్కువ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలలో దీనిని కూడా చేర్చింది. వైద్య పరీక్షలో నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు తేలితే ధ్రువపత్రానికి అర్హత ఉంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. 1985లో ముంబయిలో ఏర్పడిన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులో కూడా శాఖ ఉన్నది.

ఆ అమ్మాయి ఇప్పటికీ బడికి వెళుతున్నది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. నిరుడు శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోవచ్చునా, ఉపవాసం, జాగరణ ఉండవచ్చునా అని అడిగింది. పండ్లు, పాలు తీసుకొని ఉపవాసం ఉండవచ్చు గాని జాగరణ వద్దమ్మా అన్నాను. వేసవిలో వాళ్ళ అత్తగారు రాత్రి రెండు చెంచాల తైద పిండిని గ్లాసు నీళ్ళలో కలిపి ఉంచుతుంది. ఎండ రాకముందే లేచి, మరిగే నీళ్ళలో దానిని పోసి కలియబెడుతూ ఉడికించి, చల్లార్చి, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలుపుతుంది. కోడలు ఒక గ్లాసు త్రాగి, ఒక సీసాలో పోసుకొని, తడిపిన తువ్వాలు మెడకు చుట్టుకొని మొదటి బస్సుకు బయలుదేరుతుంది. పొయ్యి దగ్గర పని ఎనిమిది గంటలకే ముగించి, మధ్యాహ్నపు వంట అత్తగారే చేస్తుంది. నా ఆవిరి పెట్టెలో ఇప్పుడు ఎండిన మూలికల సంచులు పెట్టుకొన్నాను.