చన్నీళ్ల కవచం

మా తంబళ్లపల్లె వైపు పిల్లలకు ఈతబడి అంటే వ్యవసాయపు బావే. వీపుకు బెండు కట్టి దింపితే నాలుగు రోజుల్లో చేపపిల్లలవుతారు. ఆ పిల్లలే పెద్ద చదువులకు కాలిఫోర్నియా వెళ్లి, శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర సముద్రంలో దిగితే? అక్కడి నీరు ఏడాదిలో చాలాకాలం 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది. ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీలుస్తుంది. కాసేపటికి చేతులు కొంకర్లుపోతాయి. గజ ఈతగాడికైనా ఇది తప్పదు.

అందుకే అక్కడ ‘వెట్‌సూట్’ తొడుక్కుంటారు. 1952 ప్రాంతంలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు దీనికి రూపు కల్పించాడు. ఇది నీరు చొరని దుస్తు అని నేనూ అనుకునేవాణ్ణి. నిజానికి లోపలికి కాసిని నీళ్లు చేరతాయి. ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే నిలుస్తాయి. నియోప్రీన్ అనే రబ్బరులోని సన్నని వాయుబుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు.

కనుక కొనేటప్పుడు మొదట చూడవలసింది బిగువు. ఎదిగే పిల్లలు కదా అని పండగ చొక్కాలాగా వదులుగా తీసుకోరాదు. చన్నీరు వచ్చి పోతూనే ఉంటుంది. అలాగని ఊపిరి ఆడనంత బిగువూ పనికిరాదు. చేతులు సులువుగా పైకి లేవాలి. రెండవది మందం. 15 డిగ్రీలు దాటిన నీటికి సాధారణంగా 3 మిల్లీమీటర్లు చాలు. అంతకు తగ్గితే 4, 5 కావాలి. మరీ చల్లనైతే తలకు, చేతులకు, పాదాలకు కూడా తొడుగులుండాలి.

ఇది తొడుక్కుంటే మనిషి కొంత తేలతాడు గాని, లైఫ్ జాకెట్ పని ఇది చేయదు. విమానమెక్కే బిడ్డకు ఊరగాయతోబాటు ఈ మాట కూడా కట్టి పంపండి: నీళ్లలో దిగేముందు లోతే కాదు, చలి ఎంతో కూడా అడగాలి.