కోడిపిల్లలకు వెచ్చదనం: కరెంటా, గ్యాసా, బొగ్గులా?

జడ్చర్ల, షాద్‌నగర్ దిక్కు పోయినా, చౌటుప్పల్ దిక్కు పోయినా రోడ్డు పక్కన పొడుగాటి కోళ్ల షెడ్లు కనిపిస్తయి. కంపెనీలతోని ఒప్పందం మీద పెంచేటోళ్లకు పిల్లలు, దాణా కంపెనీయే ఇస్తది. షెడ్డు, కష్టం, కరెంటు బిల్లు మాత్రం రైతువే. అందుకే చలికాలం బ్యాచ్‌ల వేడికి పెట్టే ప్రతి రూపాయి మన కూలిలకెల్లే పోతది.

ఒక్కరోజు పిల్లకు తన ఒంటి వేడి తాను కాపాడుకునే శక్తి ఉండది. మొదటి వారం 35 డిగ్రీల దాకా కావాలె, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంట రావచ్చు. బయటేమో డిసెంబర్ రాత్రి 15 డిగ్రీల కిందికి పోతది.

లెక్క చూద్దాం. చలికాలం పిల్లకు రెండు వాట్లు అనుకుంటే 5,000 పిల్లలకు గంటకు 10 యూనిట్లు. రాత్రి 14 గంటలకు 140 యూనిట్లు. కిలో గ్యాస్ కాలితే సుమారు 12 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి వస్తది. అంటే మీ యూనిట్ రేటును 12తోని గుణించుండ్రి. కిలో గ్యాస్ ధర అంతకంటే తక్కువుంటే గ్యాసే అగ్గువ. కిలో బొగ్గు దాదాపు 8 యూనిట్లు, ఎండు కట్టె 4 యూనిట్లు ఇస్తయి. అయితే పొగగొట్టం నుంచి కొంత వేడి బయటికి పోతది, అది లెక్కల పట్టుకోవాలె. ఇంటి సిలిండర్ షెడ్డుకు వాడొద్దు, రూల్ ఒప్పుకోదు. 19 కిలోల కమర్షియల్ ధరతోనే లెక్క చేయాలె. ఇంకో మాట, ఎల్ఈడీ బల్బులు పెడితే వెలుగే తప్ప వేడి రాదు.

నన్నడిగితే, ఏ ఇంధనమని కొట్లాడే ముందు షెడ్డును చిన్నగ చేయాలె. మొదటి వారం పిల్లలకు షెడ్డు మొత్తం అక్కరలేదు. పరదాతోని అడ్డంగ కట్టి, అందులో ఒక భాగమే వేడి చేస్తే ఖర్చు అక్కడ్నే సగం పడిపోతది. కింద రెండు మూడు ఇంచుల పొడి వరి పొట్టు పరిచి, పిల్లలు దిగే ముందురోజే వేడి మొదలుపెట్టాలె. నేల సల్లగుంటే కాళ్ల నుంచే వేడి గుంజుకుంటది. థర్మామీటర్‌ను మనిషి ఎత్తుల కాదు, పిల్ల ఎత్తుల కట్టాలె. అది లేకున్నా పిల్లలే చెప్తయి: బ్రూడర్ కింద కుప్ప పడితే చలి, దూరం పోయి నోరు తెరిస్తే ఉడుకు, అన్నీ ఒక మూలకు జరిగితే ఎక్కడ్నో గాలి కొడుతున్నట్టు.

పరదాలు మాత్రం పైదాకా బిగించొద్దు, మీద జానెడు సందు ఉంచాలె. బొగ్గుల కుంపట్లు పెట్టేటోళ్లకు ఇది పానం మీది మాట. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండది, రంగు ఉండది. పొగ ఆగి బొగ్గులు ఎర్రగైనంక ఆ గ్యాస్ కూడ ఆగిందనుకుంటరు, కాని ఆగది. పిల్లలకు కావలిగ లోపల్నే పండుకునే మనిషి నిద్రలనే పోతడు. తలకాయ నొచ్చినా, కడుపుల తిప్పినా ముందు బయటి గాలికి రావాలె. కుంపటి తీసేసి పొగగొట్టం బయటికున్న పొయ్యి పెట్టుకుంటే ఖర్చు కొంచెం ఎక్కువైతది. అక్కడ మాత్రం పైసలు చూడొద్దు. మంచం పరదా బయట వేసుకొని, గంటకోసారి లేచి చూసి రావాలె.